బేస్‌బాల్ ఆల్‌టైమ్ రికార్డులు: 2024లో మారిన మొదటి పేరు

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఇప్పటికీ ఎవరూ అందుకోని కెరీర్ రికార్డులు ఇవి:

హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి): బ్యారీ బాండ్స్ - 762
హిట్లు: పీట్ రోజ్ - 4,256
పిచర్‌గా విజయాలు: సై యంగ్ - 511
స్ట్రైకౌట్లు: నోలన్ రయన్ - 5,714
వరుసగా ఆడిన మ్యాచ్‌లు: కాల్ రిప్కెన్ జూనియర్ - 2,632

బ్యాటింగ్ సగటులో మాత్రం 2024 మే నెలలో మొదటి పేరే మారిపోయింది. ఇక్కడ సగటును క్రికెట్‌లోలాగా పరుగులతో లెక్కేయరు. బ్యాటింగ్ అవకాశాల్లో ఎన్ని హిట్లు అయ్యాయో చూస్తారు. టై కాబ్ సగటు 0.367. దాన్ని దాటి జోష్ గిబ్సన్ 0.372తో పైకొచ్చాడు. అంటే వెయ్యి అవకాశాలకు 372 హిట్లు.

గిబ్సన్ ఇప్పటి ఆటగాడేం కాదు, 1947 జనవరిలోనే చనిపోయాడు. నల్లజాతి ఆటగాళ్లను మేజర్ లీగ్‌లోకి రానివ్వని రోజుల్లో, వాళ్లకోసం విడిగా నడిచిన నీగ్రో లీగ్స్‌లో ఆడాడు. ఆయన పోయిన మూడు నెలలకు జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి ఆ అడ్డు తొలగించాడు.

1920-48 మధ్య నీగ్రో లీగ్స్ గణాంకాలను 2024లో అధికారిక రికార్డుల్లో కలిపారు. గిబ్సన్ కొట్టిన హిట్లు పాతవే. వాటిని లెక్కలోకి తీసుకోవడానికే ఇన్నేళ్లు పట్టింది.