మన పక్కనే బంగారు ఊరు, మన కళ్ళేమో కౌబాయ్ టోపీ మీద

పోయిన వారం గ్రూపులో ఎవరో కృష్ణగారి కౌబాయ్ ఫోటో పెట్టారు. దాని కింద ఒక పెద్ద రచ్చే జరిగింది. ‘మన దేశంలో మొదటి కౌబాయ్ మన కృష్ణే’ అని ఒకరు, ‘షోలే ముందర ఇవన్నీ ఎంత’ అని ఇంకొకరు, ‘అసలు క్లింట్ ఈస్ట్‌వుడ్‌ని చూసినవాళ్ళు ఇట్లా మాట్లాడరు’ అని మూడోవాళ్ళు. మధ్యలో ఒక చిన్నోడు, కాలేజీలో చదువుతున్నవాడు, ‘అంకుల్, బంగారం కోసం కొట్టుకునే సినిమాలు అంత ఇష్టమైతే మన కేజీఎఫ్ గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరు?’ అని అడిగాడు. అంతే, గ్రూపు నిశ్శబ్దం. తరువాత ఎవరో గుడ్ నైట్ బొమ్మ పెట్టేశారు. ఆ పిల్లవాడికి జవాబు బాకీ ఉందని అనిపించి ఇది రాస్తున్నాం. పొడుగవుతుంది, తీరిగ్గా చదవండి.

ముందు మా తరం సంగతి. తమక నుంచి టెంటు సినిమాకు నడిచి వెళ్ళినవాళ్ళం మేము. నేల టికెట్టు, ముందు కూర్చున్నవాడి తలకాయ, మధ్యలో రీలు తెగితే ఈలలు. మోసగాళ్ళకు మోసగాడు చూసి వచ్చిన మరునాడు మాలో ఒకడు తాత కంబళి మధ్యలో కత్తెరతో చిల్లుపెట్టి తల దూర్చేశాడు. గొర్రెల దగ్గర రాత్రిళ్ళు కప్పుకునే కంబళి అది. వాళ్ళ తాత వాణ్ణి తరిమిన తరుముడు ముందు ఏ గుర్రాల ఛేజింగూ నిలవదు. మిగిలినవాళ్ళం దీపావళి తుపాకులు నడుముకు చెక్కుకుని, ఎండు కానుగ పుల్ల పెదవి చివర పెట్టుకుని అంతరగంగ కొండ బండల మీద ఎక్కి దిగేవాళ్ళం. ఆ బండలు చూస్తే ఇప్పటికీ అదే అనిపిస్తుంది: కెమెరా పెడితే చాలు, వెస్టర్న్ సినిమానే. ఆ మాటకొస్తే షోలే తీసింది కూడా ఇటువంటి బండల మధ్యనే, బెంగళూరుకు అవతల రామనగరంలో.

మేము సినిమాలో చూసిన ఈ వేషం అమెరికాలో అంతకు ముందే ఇంటింటికీ టీవీలో చేరిపోయింది. మనకు బెంగళూరు దూరదర్శన్ వచ్చిందే 1981లో. అమెరికావాళ్ళు అప్పటికి పాతికేళ్ళుగా ఇళ్ళల్లో కూర్చుని గుర్రాల డెక్కల చప్పుడు వింటున్నారు. 1955లో మొదలైన గన్‌స్మోక్ 1975 వరకు, అంటే 20 ఏళ్ళు నడిచింది. అందులో మార్షల్ మ్యాట్ డిల్లన్‌గా జేమ్స్ ఆర్నెస్ అన్నేళ్ళూ ఒక్కడే. 1959 ప్రాంతంలో రాత్రి పూట రెండు డజన్లకు పైగా వెస్టర్న్ సీరియళ్ళు వచ్చేవట. ఇప్పుడు మన ఇళ్ళల్లో అత్తాకోడళ్ళ సీరియళ్ళు ఎట్లాగో, అప్పుడు అక్కడ అవి అట్లా అనుకోండి. ఆ 1959లోనే రాహైడ్ అనే సీరియల్‌లో పశువుల మందలు తోలే కుర్రాడిగా క్లింట్ ఈస్ట్‌వుడ్ వచ్చాడు. అతణ్ణి 1964లో ఇటలీవాడు సెర్జియో లియోనె తీసుకుపోయి, స్పెయిన్‌లోని అల్మేరియా ఎడారిలో భుజాన కంబళిలాంటిది వేసి నిలబెట్టాడు. ఆ వరసలో వచ్చిన సినిమాలు మద్రాసులో మనవాళ్ళ కళ్ళబడ్డాయి. కంబళి పాడైన మా స్నేహితుడి వీపు మీద పడ్డ దెబ్బలకు మూలం వెతికితే అమెరికా టీవీ దాకా పోతుంది.

ఆ సీరియళ్ళలో ఒకటి మనకు చాలా దగ్గరిది. దాన్ని మనం చూడనేలేదు. దాని పేరు బోనాంజా. 1959 నుంచి 1973 దాకా నడిచింది. మొదట్లో తెర మీద ఒక మ్యాప్ మంటల్లో కాలుతుంది, దానిలోంచి తండ్రీ కొడుకులు గుర్రాల మీద వస్తారు. తండ్రిగా లోర్న్ గ్రీన్, చిన్న కొడుకుగా మైఖేల్ లాండన్. వాళ్ళ పశువుల క్షేత్రం నెవాడాలోని వర్జీనియా సిటీ దగ్గర ఉంటుంది. ఆ వర్జీనియా సిటీ నిజమైన ఊరే. 1859లో అక్కడ కామ్‌స్టాక్ లోడ్ అనే వెండి నిక్షేపం బయటపడింది. బోనాంజా అన్న మాట కూడా గనులవాళ్ళదే, లోపల తవ్వుకుంటూ పోతుంటే ఒక్కసారిగా తగిలే సంపన్నమైన ఖనిజానికి పెట్టిన పేరు.

1873లో ఆ వర్జీనియా సిటీలో అన్నిటికన్నా పెద్ద నిక్షేపం తగిలింది. దాన్ని పట్టినవాళ్ళు నలుగురు ఐరిష్ మూలాల మనుషులు. సరిగ్గా అదే 1873లో బెంగళూరులో ఇంకో ఐరిష్ వాడు, మైఖేల్ ఫిట్జ్‌గెరాల్డ్ లావెల్, కోలారులో బంగారం తవ్వుకోవడానికి అనుమతి ఇమ్మని మైసూరు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. ఆయన న్యూజిలాండ్‌లో మావోరీల మీద యుద్ధానికి వెళ్ళి వచ్చిన సైనికుడు. పాత పత్రికలో లెఫ్టినెంట్ వారెన్ రాసిన వ్యాసం చదివి, 1871లో బెంగళూరు నుంచి ఎడ్లబండి కట్టుకుని మన వైపు వచ్చాడు. గుర్రం బదులు ఎద్దులు, అంతే తేడా. బెంగళూరులో లావెల్ రోడ్డు మీద కాఫీ తాగుతారే, ఆ లావెల్ ఈయనే.

ఆ వారెన్ వ్యాసం దేని గురించి అంటే, 1802లో ఆయన సరిహద్దు సర్వేకు వచ్చినప్పుడు ఊరిగాం, మారికుప్పం వైపు పల్లె జనం మట్టి కడిగి బంగారు రేణువులు చూపించారు. అంటే వారెన్ కనిపెట్టిందేమీ లేదు, లావెల్ కనిపెట్టిందీ లేదు. ఇక్కడివాళ్ళకు ముందే తెలుసు. వెస్టర్న్ సినిమాలో కూడా ఇదే తంతు కదా, బంగారం ఎక్కడుందో అక్కడి ఆదివాసి ముసలాయనకు తెలిసి ఉంటుంది, తెరమీద పేరు మాత్రం టోపీ పెట్టుకున్నవాడిది.

లావెల్‌కు పెట్టుబడి చాలలేదు, హక్కులు వేరేవాళ్ళకు పోయాయి. 1880ల మొదట్లో జాన్ టేలర్ అండ్ సన్స్ వచ్చింది. ఈ టేలర్లు ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ గనులు నడిపిన అనుభవం ఉన్నవాళ్ళు, కాబట్టి అక్కడి గని మేస్త్రీలను ఇక్కడికి దింపారు. అక్కడ గనులు మూతపడుతూ ఉంటే ఆ కార్నిష్ మనుషులు పని వెతుక్కుంటూ ప్రపంచమంతా తిరిగారు. కాలిఫోర్నియా, నెవాడా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, చివరికి మన మారికుప్పం. బోనాంజా కథ జరిగే వర్జీనియా సిటీలో లోపలికి దిగినవాళ్ళ అన్నదమ్ములో దాయాదులో మన ఛాంపియన్ రీఫ్‌లో దిగి ఉంటారు. మన టెంటులో ఈలలు వేస్తూ చూసిన కథలకూ మన బంగారపేట రైలు స్టేషనుకూ మధ్య ఇంత దగ్గర చుట్టరికం ఉందని మాకు ఎవరూ చెప్పలేదు.

అయితే చుట్టరికం అక్కడితో సరి. ఆ సినిమాల్లో బంగారం ఎవడికి దొరికితే వాడిది. గుర్రం ఉండాలి, తుపాకి ఉండాలి, కొంచెం మోసం తెలిసి ఉండాలి. మన ఊళ్ళో బంగారం మొదటినుంచీ కంపెనీది. మైసూరు గనుల చట్టాల కింద సరైన లెక్క చెప్పకుండా ఖనిజం ముక్క దగ్గర ఉన్నా నేరమే. ఉత్తర ఆర్కాటు నుంచి, చిత్తూరు వైపు నుంచి, మన చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది దళితులు. పల్లెలో ఉండలేక వచ్చి లైన్లలోని తడికెల గుడిసెల్లో చేరారు. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది, ఆసియాలోనే తొలి పెద్ద కరెంటు లైన్లలో ఒకటని మనం గొప్పగా చెప్పుకుంటాం. నిజమే, కానీ అది వచ్చింది గనిలో యంత్రాలకు. లైన్లలో చాలాకాలం కిరోసిన్ బుడ్లే.

తుపాకుల సంగతి కూడా చెప్పాలి. 1930లో కార్మికుల వేలిముద్రలు తీసుకుని నమోదు చేస్తామని కంపెనీ అంటే, మేము దొంగలమా అని దాదాపు మూడు వారాలు పని ఆపేశారు. 1946 నవంబర్‌లో కార్మికుల మీద పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. కేజీఎఫ్‌లో తుపాకి చప్పుడు అంటే అది. రెండువైపులా నిలబడి, గాలికి గడ్డి ముద్ద దొర్లుతుండగా ఎవడు ముందు తీస్తాడా అని చూసే పోటీ కాదు. ఒకవైపే తుపాకులు.

ఇక లోపలి సంగతి. ఛాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్ల కన్నా లోతుకు పోయింది. అంత లోతులో బండ మీద ఉన్న బరువుకు అది ఉన్నట్టుండి పేలుతుంది. రాక్ బర్స్ట్ అంటారు. పైన లైన్లలో గిన్నెలు గలగలమనేవని, ఆడవాళ్ళు గని గేటు దగ్గరికి పరిగెత్తేవాళ్ళని అక్కడి వాళ్ళెవర్ని అడిగినా చెబుతారు. బోనాంజా తొలి ఏడాదిలోనే గని కప్పు కూలడం గురించి ఒక ఎపిసోడ్ ఉంది. డైడెస్‌హైమర్ అనే నిజమైన ఇంజనీరు దుంగలను చతురస్రాల్లో గూడులా పేర్చి కప్పును నిలబెట్టే పద్ధతి 1860లో వర్జీనియా సిటీలో కనిపెట్టాడు, ఆ కథ అది. మా లెక్కలో ఆ సీరియల్ అంతటికీ మనం చూడవలసింది ఆ ఒక్క ఎపిసోడే. మన గనుల్లో దుంగలు చాలక గ్రానైటు రాళ్ళతో గోడలు కట్టి ఆపేవాళ్ళు.

ఇంత చెప్పాక మోసగాళ్ళకు మోసగాడును తీసిపారేస్తామనుకోకండి. 1971లో అది వచ్చింది, షోలేకు నాలుగేళ్ళు ముందు. పద్మాలయా వాళ్ళు తీశారు, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా. రాజస్థాన్ ఎడారికి యూనిట్‌ను మోసుకుపోయారు. కథ, మాటలు ఆరుద్ర. తెలుగు సాహిత్య చరిత్రంతా సంపుటాలుగా రాసిన మనిషి నక్కజిత్తుల నాగన్నకు డైలాగులు రాశాడంటే ఇప్పటికీ మాకు ముచ్చటగా ఉంటుంది. ఆయన చేసిన తెలివైన పని ఏమిటంటే, కథను టెక్సస్‌లో వదిలేయకుండా తెల్లవాళ్ళ కాలపు అమరవీడు సంస్థానంలో పెట్టాడు. నిధి మన సంస్థానానిది, దాని మీద కన్నేసింది తెల్లవాడు. వేషం అమెరికాది, కోపం మనది. అది ట్రెజర్ హంట్ అనే పేరుతో ఇంగ్లీషులోకి డబ్ అయి బయటి దేశాలకూ పోయింది. దాస్ గారు తరువాత కన్నడంలోనూ సినిమాలు తీశారు, మన ఊళ్ళో రెండు భాషల వాళ్ళూ చూశారు. తమిళంవాళ్ళకు జైశంకర్ ఉండనే ఉన్నాడు. కొదమసింహం 1990లో, టక్కరి దొంగ 2002లో వచ్చాయి. వాటి గురించి గ్రూపులో చాలామంది మా కంటే బాగా చెప్పగలరు. 2022 నవంబర్‌లో కృష్ణగారు పోయాక, మరుసటి ఏడాది మే 31న, ఆయన పుట్టినరోజుకు, మోసగాళ్ళకు మోసగాడును 4కేలో మళ్ళీ విడుదల చేశారు. అరవై దాటిన మనుషులు ఈలలు వేశారు. మేమూ వేశాం, దాచడం ఎందుకు.

ఆ టక్కరి దొంగకు ముందు ఏడాది, 2001 ఫిబ్రవరి 28న, కేజీఎఫ్ గనులు మూసేశారు. అప్పటి నుంచి మారికుప్పం రైలెక్కి రోజూ తెల్లవారుజామున వేలమంది బెంగళూరుకు పోయి రాత్రికి వస్తున్నారు. మిగిలింది సైనేడ్ దిబ్బలు, మూడు కోట్ల టన్నులకు పైగా పిండిచేసిన రాయి. బూడిదరంగు ఎడారిలా ఉంటాయి కాబట్టి సినిమావాళ్ళకు బాగా నచ్చాయి. ఎన్ని పాటలు తీశారో, ఎన్ని ఫైట్లు తీశారో. గాలి వీచే నెలల్లో ఆ దుమ్ము పక్క ఇళ్ళల్లోకి అన్నం గిన్నెల్లోకి వస్తుంది. 2018లో కేజీఎఫ్ సినిమా అక్కడే సెట్టు వేసి తీశారు. నరాచి అనే లేని ఊరు, రాకీ అనే లేని మనిషి, ఒక్కడే వచ్చి అందరినీ కాల్చి బంగారానికి రాజవుతాడు. అదీ వెస్టర్న్ సినిమానే, టోపీ ఒక్కటే తక్కువ. 2024లో పా. రంజిత్ తంగలాన్ తీశాడు, అందులో మాత్రం తవ్వినవాడే కథానాయకుడు. థియేటరులో మాతోపాటు ఉన్నవాళ్ళు తక్కువ.

ఆ పిల్లవాడు అడిగినదానికి మాకు తోచిన జవాబు ఇది: మేము మాట్లాడకపోవడానికి ఒక కారణం సిగ్గు. లైన్ల నుంచి వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని టీ తాగని ఇళ్ళు మన ఊళ్ళో, మన సంఘంలోనే, ఉండేవి. కౌబాయ్ అయితే దూరపువాడు, వాడి కులం ఎవరూ అడగరు.

మొన్న సంక్రాంతికి మా ఇంటికి ఒక పెద్దాయన వచ్చారు. 30 ఏళ్ళు అండర్‌గ్రౌండ్‌లో చేసి, ఇప్పుడు ఊపిరికి ఆగి ఆగి మాట్లాడతారు. టీవీలో మెకన్నాస్ గోల్డ్ వస్తోంది. 1969లో అమెరికాలో ఆడకపోయినా మన దేశంలో విరగబడి ఆడిన సినిమా, మాకు ప్రాణం. గ్రెగరీ పెక్, ఒమర్ షరీఫ్, బంగారంతో మెరిసే లోయ. చివర్లో కొండచరియలు కూలుతుంటే గుర్రాల మీద పారిపోతారు. ‘మామా, చూడు, ఎట్ల తీసినాడో’ అన్నాం మేము. ఆయన కాఫీ లోటా కింద పెట్టి చివరిదాకా చూశారు.

‘బాగుండాది’ అన్నారు. ‘కానీ అంతసేపు యాడిస్తుందప్పా? ముందు గాలి కొడుతుంది. దీపం ఆరిపోతుంది. అంతే.’

తరువాత ఆ గుర్రాలు పరిగెత్తేది ఇంకోసారి పెట్టమన్నారు.