ఒకే ఫార్ములా, రెండు దారులు

1839లో కలకత్తా మెడికల్ కాలేజీ రసాయనశాస్త్ర ఆచార్యుడు, ఐర్లండ్ వైద్యుడు విలియం బ్రూక్ ఓషానెసీ బెంగాల్ వైద్యుల సంఘం ముందు ఒక పత్రం చదివారు. విషయం గంజాయి. ముందు జంతువులకు ఇచ్చి చూసి, ఆ తర్వాతే రోగుల మంచాల దగ్గరకు వెళ్లిన మనిషి ఆయన. కీళ్లవాతంతో బాధపడుతున్న ముగ్గురికి గంజాయి బంక ఒక్కో గ్రెయిన్ ఇచ్చారు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. ఒకతను గలగలా మాట్లాడి, పాటలు పాడి, ఇంకా అన్నం పెట్టమని అడిగి, రాత్రయ్యేసరికి కొయ్యబారిపోయాడు. చెయ్యి ఎత్తి ఎక్కడ ఉంచితే అక్కడే ఉండిపోయింది. ఇంకొకరిలో మాత్రం ఏ మార్పూ లేదు. ఆరా తీస్తే అతనికి రోజూ గంజాయి పీల్చే అలవాటుందని తేలింది.

అదే పత్రంలో 40 రోజుల పసిబిడ్డ కథ ఉంది. మిగతా చికిత్సలేవీ ఫిట్స్‌ను ఆపలేకపోతే గంజాయి టింక్చర్‌ను చుక్కల లెక్కన పోశారు. బిడ్డ కోలుకుంది. మూర్ఛలకు ఇది గొప్ప మందు అవుతుందని ఓషానెసీ గట్టిగా నమ్మారు.

ఆయన వెంట తీసుకెళ్లిన సరుకుతో 1840లలో లండన్ మందుల షాపులకు గంజాయి సారం చేరింది. నొప్పులకు, నిద్రపట్టనివాళ్లకు డాక్టర్లు రాసేవారు. కానీ ఒక సీసాలోది అసలు పనిచేసేది కాదు. మరో సీసాలోది అదే మోతాదులో మనిషిని పడగొట్టేది. 1932లో బ్రిటిష్ ఫార్మకోపియా, 1942లో అమెరికన్ ఫార్మకోపియా తమ అధికారిక మందుల జాబితా నుంచి దాన్ని తీసేశాయి. చట్టాలూ భయాలూ అందులో తమ పాత్ర పోషించాయి. అయినా వైద్యుడి చేతిని ముందే వణికించింది ఆ సీసాలో ఏముందో తెలియకపోవడమేనని నా నమ్మకం. నల్లమందు నుంచి మార్ఫిన్‌ను 19వ శతాబ్దం మొదట్లోనే వేరుచేశారు. అది లవణంగా మారి స్ఫటికాలు కడుతుంది కాబట్టి తూకం వేసి ఇవ్వొచ్చు. గంజాయి బంక అలా లొంగలేదు. ఒకదాన్నొకటి పోలిన పదార్థాలెన్నో కలిసిపోయిన జిగురు నూనె అది.

ఆ చిక్కు విడిపోయింది ఇజ్రాయెల్‌లో. రెహొవోత్‌లోని వైజ్‌మన్ సంస్థలో పనిచేస్తున్న రఫాయెల్ మెషూలమ్, పోలీసులు పట్టుకున్న 5 కిలోల లెబనాన్ హషీష్‌ను అడిగి తీసుకుని, సంచిలో పెట్టుకుని బస్సెక్కారు. 1963లో ఆయన బృందం గంజాయిలోని సీబీడీ అనే పదార్థం నిర్మాణాన్ని తేల్చింది. మరుసటి ఏడాది యెహియెల్ గావొనీతో కలిసి మత్తుకు మూలమైన టీహెచ్‌సీని వేరుచేశారు.

రెండింటికీ ఫార్ములా ఒక్కటే: సి21 హెచ్30 ఓ2. పరమాణువుల లెక్కలో తేడా లేదు. టీహెచ్‌సీలో ఒక ఆక్సిజన్ వలయంలోకి ముడిపడి ఉంటుంది. సీబీడీలో ఆ వలయం తెరిచే ఉంటుంది. మొక్క రెండింటి ముడిరూపాలనూ సీబీజీఏ అనే ఒకే ఆమ్లం నుంచి తయారుచేస్తుంది. ఏ ఎంజైము బలంగా ఉంటే ఆ వైపు మొగ్గుతుంది. అందుకే నారకోసం పెంచే రకాల్లో సాధారణంగా మత్తు దాదాపు ఉండదు.

పచ్చి మొక్కలో టీహెచ్‌సీ కూడా ఆమ్లరూపంలోనే ఎక్కువగా ఉంటుంది. వేడి తగిలి కార్బన్ డయాక్సైడ్ పోతే తప్ప అది మత్తెక్కించదు. పీలిస్తే నిమిషాల్లో మెదడుకు చేరుతుంది. తింటే ఆలస్యంగా చేరుతుంది, పైగా కాలేయం దాన్ని మరింత ఘాటైన రూపంలోకి మారుస్తుంది. ఓషానెసీ తరం వైద్యులకు ఇవేవీ తెలియవు.

మెదడులో టీహెచ్‌సీ తాకే చోటు, సీబీ1 గ్రాహకం, 1988లో అమెరికాలో ఆలిన్ హౌలెట్ ప్రయోగశాలలో బయటపడింది. జ్ఞాపకం, కదలిక, ఆకలి చూసుకునే భాగాల్లో ఈ గ్రాహకాలు దట్టంగా ఉంటాయి. రోగి అన్నం అడగడం, కొయ్యబారడం ఇప్పుడు అర్థమవుతున్నాయి. ఊపిరిని నడిపే మెదడు కాండంలో అవి చాలా తక్కువ. నల్లమందులా గంజాయి శ్వాసను ఆపి చంపడం అరుదు కావడానికి కారణం అదే. సీబీడీ సీబీ1ను బలంగా పట్టుకోదు, వేరే దారుల్లో పనిచేస్తుంది. అందుకే మత్తివ్వదు.

విదేశీ దుకాణాల్లో 'ఇండికా అయితే నిద్ర, సటైవా అయితే హుషారు' అని అమ్ముతారు. ఆ విభజన మొక్క ఆకారాన్ని బట్టి చేసింది. రోగి అడగాల్సింది టీహెచ్‌సీ ఎంత, సీబీడీ ఎంత అనే. 2005లో కెనడా అనుమతించిన సాటివెక్స్ అనే నోటి స్ప్రే ఈ రెండింటినీ దాదాపు సమంగా కలిపిన మందు.

మూర్ఛల మాట మాత్రం నన్ను బాధపెడుతుంది. 1980లో బ్రెజిల్‌లో ఎలిసాల్డో కార్లినీ బృందం, మెషూలమ్‌తో కలిసి, మందులకు లొంగని మూర్ఛ ఉన్న ఎనిమిది మందికి రోజుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల సీబీడీ ఇచ్చింది. నలుగురికి ఫిట్స్ దాదాపు ఆగిపోయాయి, ముగ్గురికి కొంత తగ్గాయి. చిన్న అధ్యయనమే, నిజమే. కానీ అంత స్పష్టమైన సూచన దొరికాక కూడా పెద్ద పరీక్షలకు మూడు దశాబ్దాలు దాటింది. గంజాయి అన్న పేరే దానికి అడ్డుపడింది. ఆ ఏళ్లలో ఫిట్స్‌తో పెరిగిన పిల్లలకు ఆ పోయిన కాలాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

2017లో డ్రావె సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛ వ్యాధి ఉన్న 120 మంది పిల్లలు, యువకులపై జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. సీబీడీ తీసుకున్నవాళ్లలో నెలకు వచ్చే ఫిట్స్ మధ్యస్థ సంఖ్య 12.4 నుంచి 5.9కి తగ్గింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 14.9 నుంచి 14.1కే. 2018 జూన్‌లో అమెరికా ఎపిడయోలెక్స్‌ను అనుమతించింది. నువ్వుల నూనెలో కలిపిన సీబీడీ అది. బిడ్డ బరువును బట్టి మోతాదు కట్టి, కాలేయ పరీక్షలు చేయిస్తూ ఇస్తారు. క్లోబజామ్ అనే మరో మూర్ఛ మందు వాడే పిల్లలకైతే, రెండు మందులూ కలిసి మగతను పెంచుతాయి కాబట్టి క్లోబజామ్ మోతాదునూ సరిచూస్తారు.