ఏటికి ఇటు అధ్యక్షుడు, అటు సర్పంచి

రాయచూరు తాలూకాలోని గిల్లేసూగూరు కృష్ణా, తుంగభద్రల నడుమనున్న అంతర్వేదిలోని గ్రామం. తుంగభద్ర దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని మంత్రాలయం సీమ. తూర్పుగా వెళితే తెలంగాణలోని గద్వాల సీమ. ఈ మూడు వైపులా పిల్లనిచ్చి పుచ్చుకొన్న కుటుంబాలు అనేకం. "మీ ఊరి సర్పంచి ఎవరు?" అని అటునుండి వచ్చిన వియ్యంకుడు అడిగితే, ఇటువారు గ్రామపంచాయతీ అధ్యక్షుని పేరు చెబుతారు. రెండూ ఒకే పదవి అన్న భావన సరిహద్దు గ్రామాలలో సాధారణం. నిజానికి అవి రెండు వేర్వేరు ప్రభుత్వ విధానాలకు చెందిన పదవులు.

ప్రజాస్వామ్యంలో పాలకుని ఎన్నుకొనే పద్ధతులు ముఖ్యంగా రెండు. అమెరికాలో దేశాధ్యక్షుని ఎన్నిక చట్టసభ ఎన్నికతో సంబంధం లేకుండా వేరుగా జరుగుతుంది. సభలో మెజారిటీ పోయినంత మాత్రాన ఆయన పదవి పోదు. భారతదేశంలోనూ బ్రిటన్‌లోనూ ప్రజలు సభ్యులను ఎన్నుకొంటారు. సభ విశ్వాసం ఉన్నంత కాలమే ప్రధాని కొనసాగుతాడు. బ్రిటన్‌లో రాజు ఉన్నా పాలించేది మంత్రివర్గమే.

ఈ రెండు పద్ధతులనూ చూడటానికి దూరదేశాలకు పోనవసరం లేదు. 1993 నాటి కర్ణాటక పంచాయతీరాజ్ చట్టం ప్రకారం సుమారు 400 మంది జనాభాకు ఒక సదస్యుడు చొప్పున గ్రామస్థులు ఎన్నుకొంటారు. ఆ సదస్యులు తమలో ఒకరిని అధ్యక్షునిగా ఎన్నుకొంటారు. 2020 డిసెంబరులో ఎన్నికైన పంచాయతీలలో అధ్యక్ష పదవీకాలం 30 నెలలే. మూడింట రెండువంతుల సదస్యులు అవిశ్వాసం తెలిపితే ఆ లోపునే దిగిపోవాలి. ఏటికి అటువైపు సర్పంచిని ఓటర్లే నేరుగా ఎన్నుకొంటారు. ఆంధ్రప్రదేశ్‌లోని 1994 చట్టంలో ఉపసర్పంచిపై అవిశ్వాసం పెట్టవచ్చుగాని సర్పంచిపై పెట్టే వీలు లేదు. తప్పు చేసిన సర్పంచిని విచారణ జరిపి తొలగించే అధికారం కలెక్టరుకు ఉంది. అంటే ఇటు ఢిల్లీ పద్ధతి, అటు కొంతవరకు వాషింగ్టన్ పద్ధతి అన్నమాట.

ఏది మేలన్నది తేలని వాదమే. ఇటు పద్ధతిలో ఒక్కడే ఊరిని గుప్పిట పెట్టుకోవడం కష్టం. కాని పది మంది సదస్యులను తనవైపు తిప్పుకొన్నవాడికి ఊరంతటి ఓటు అక్కరలేదు. అటు పద్ధతిలో ఊరి తీర్పు సూటిగా ఉంటుంది. చెడ్డవాడు గెలిస్తే మాత్రం వార్డు సభ్యులు చూస్తూ ఊరుకోవలసిందే.

ఎన్నిక ఒక ఎత్తు, సంతకం ఒక ఎత్తు. కర్ణాటకలో పంచాయతీ చెక్కుపై అధ్యక్షునితో పాటు పీడీఓ సంతకమూ ఉండాలి. తెలంగాణలో 2018 చట్టం సర్పంచి, ఉపసర్పంచులకు కలిపి చెక్ పవర్ ఇచ్చింది. ఇక కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం అధ్యక్షుని ఇంటి చుట్టూ తిరగడం వృథా. అవి రెవెన్యూ శాఖవారి పని. కర్ణాటకలో నాడకచేరిలో అర్జీ పెట్టుకోవచ్చు.

ఈ సీమ చూడని ప్రభుత్వ విధానం అరుదు. రాయచూరు కోట గోడలో 1294 నాటి తెలుగు శాసనం ఉంది, అది కాకతీయుల కాలానిది. అటు తరువాత ఈ అంతర్వేది కోసం బహమనీలు, విజయనగర రాజులు తరాల తరబడి పోరాడారు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించింది ఇక్కడే. రాజు మారినప్పుడల్లా శిస్తు కట్టించుకొనే చెయ్యి మారింది, రైతు మాత్రం మారలేదు. 1800లో నిజాం తుంగభద్రకు దక్షిణాన ఉన్న సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. అక్కడ థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి రైత్వారీ పద్ధతికి పునాది వేశాడు. ఉత్తరాన ఉన్న ఈ సీమ 1853 నుండి 1860 వరకు కంపెనీ, ఆపై బ్రిటిషు ప్రభుత్వం చేతిలో ఉండి, తిరిగి నిజాముకే దక్కింది. ఆ విధంగా నదికి అటు కలెక్టరు కచేరి, ఇటు నిజాం దొరతనం. ఊరిలో అసలు అధికారం వంశపారంపర్యంగా వచ్చిన పటేలు, పట్వారీలది.

1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నరుగా పాలించాడు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో అధికారి ఎం.కె. వెల్లోడి ముఖ్యమంత్రిగా నియమితుడయ్యాడు. పదవి పేరు ముఖ్యమంత్రి, కాని ఓటు వేసినవారు లేరు. 1952 ఎన్నికల తరువాత బూర్గుల రామకృష్ణారావు తొలి ప్రజాప్రభుత్వం ఏర్పరచాడు. నిజాం రాజప్రముఖుడై 1956 వరకు పేరుకు మిగిలాడు. రాజరికం, సైనిక పాలన, అధికారుల పాలన, ప్రజాపాలన అన్నీ నాలుగేళ్ళలోనే!

1953లో బళ్ళారి జిల్లా నుండి ఆదోని తాలూకా ఆంధ్ర రాష్ట్రానికి పోయింది. 1956 నవంబరు 1న రాయచూరు మైసూరు రాష్ట్రంలో చేరగా, అదే జిల్లాలోని గద్వాల, ఆలంపురం తాలూకాలు మహబూబ్‌నగర్‌లో కలిశాయి. గీత గీసినది భాషను బట్టి, అయినా తెలుగు ఇళ్ళు ఇటూ మిగిలాయి, కన్నడ ఇళ్ళు అటూ మిగిలాయి. 2012లో పార్లమెంటు ఆమోదించిన 371-జె అధికరణం ఈ వెనుకబడిన హైదరాబాదు కర్ణాటకకు ఉద్యోగ, విద్యా రిజర్వేషన్లనూ ప్రత్యేక అభివృద్ధి మండలినీ కల్పించింది. ఆ ప్రయోజనం పొందాలంటే స్థానికత పత్రం తప్పనిసరి.

ఎన్నికలు ఆగిపోతే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు కూడా ఈ జిల్లాలోనే జవాబు దొరుకుతుంది. కర్ణాటకలో 2016లో ఎన్నికైన తాలూకా, జిల్లా పంచాయతీల గడువు 2021లో ముగిసింది. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఎన్నికలు లేక అధికారులే వాటి పాలనాధికారులయ్యారు. మొర వినవలసిన ప్రతినిధి లేడు, ఫైలు మాత్రం నడిచింది.

సరిహద్దు కుటుంబాలు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. అటు పుట్టింట ఓటు, ఇటు అత్తింట ఓటు రెండూ ఉంచుకోవడం చెల్లదు. ఒక మనిషి పేరు ఒక్కచోటనే ఓటర్ల జాబితాలో ఉండాలని, తప్పుడు ప్రకటన ఇస్తే శిక్ష ఉంటుందని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం చెబుతోంది. పెళ్ళయి ఊరు మారిన ఆడబిడ్డ ఫారం 8 నింపి ఇస్తే పేరు కొత్త ఊరికి మారుతుంది.