మహామంత్రి తిమ్మరుసు - మన ఉదయగిరి

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శి గారు ఆదేశించారు. చరిత్ర అనగానే ఢిల్లీ, ఆగ్రా వెళ్ళనక్కరలేదు. మన తరం వారంతా చూసిన సినిమా ఒకటి, మన జిల్లాలో నిలిచి ఉన్న కొండ ఒకటి - ఈ రెండింటినీ కలిపి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆ సినిమా 'మహామంత్రి తిమ్మరుసు'. గౌతమీ పిక్చర్స్ వారు తీయగా 1962లో విడుదలయింది. దర్శకులు కమలాకర కామేశ్వరరావు గారు, రచన పింగళి నాగేంద్రరావు గారు, సంగీతం పెండ్యాల నాగేశ్వరరావు గారు. శ్రీకృష్ణదేవరాయలుగా ఎన్.టి.రామారావు గారు, తిమ్మరుసుగా గుమ్మడి వెంకటేశ్వరరావు గారు నటించారు. రాయలు తిమ్మరుసును 'అప్పాజీ' అని పిలిచేవాడు గదా! తమాషా ఏమంటే, అప్పటికి గుమ్మడి గారి వయస్సు 35 ఏళ్ళే. 'అప్పాజీ' అని పిలిచే రామారావు గారే ఆయనకంటె నాలుగేళ్ళు పెద్ద. అయినా ఆ ముసలి మంత్రిని చూసి ఎవరికీ ఆ సంగతి తోచలేదు. ఆ ఏడాది తెలుగు చిత్రాలలో ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం దీనికే వచ్చింది.

మా సముద్రపు ఒడ్డు గ్రామాలకు ఇది టూరింగ్ టాకీసులోనే వచ్చింది. ఇసుకలో నేల టిక్కెట్టు కొని కూర్చున్న ఆడవాళ్ళు తిమ్మరుసు కళ్ళు పొడిపించే ఘట్టం వచ్చేసరికి కొంగులు కళ్ళకద్దుకునేవారు. పిల్లవాణ్ణయిన నాకు ఒకటే సందేహం - ఇది నిజంగా జరిగిందా? ఉద్యోగంలో చేరి, గ్రంథాలయాల్లో పుస్తకాలు తిరగేసే అలవాటు పడిన తరువాత ఆ సందేహాన్ని నేనే తీర్చుకోవలసి వచ్చింది.

ముందు ఉదయగిరి సంగతి. 3,079 అడుగుల ఎత్తున్న ఈ కొండదుర్గాన్ని 15వ శతాబ్దంలో ఒరిస్సా గజపతులు చేజిక్కించుకున్నారు. పడమటి నుంచి మన కోస్తాలోకి దిగే దారికి అది తాళం చెవి వంటిది. సాళువ నరసింహరాయలు చనిపోతూ ఉదయగిరి, కొండవీడు, రాయచూరు మాత్రం శత్రువుల చేతిలో విడిచిపెట్టవద్దని తన తరువాతి వారికి అప్పగింతలు పెట్టాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. 1509లో గద్దెనెక్కిన కృష్ణరాయలు ఆ మాట చెల్లించాడు.

ఉదయగిరి ముట్టడి సుమారు ఏడాదిన్నర సాగింది. ఆకలికి మాడ్చితే తప్ప లొంగని కోట అది. రాయలు సైనికుల చేత పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి, కొండమీదికి బాటలు వేయించి, బురుజుల దాకా దండును నడిపించాడు. 1514 జూన్‌లో కోట లొంగింది. గజపతి బంధువు తిరుమల రౌతరాయలు పట్టుబడ్డాడు. జూలైలో రాయలు తిరుమల కొండకు వెళ్ళి 30,000 బంగారు నాణేలతో శ్రీవారికి కనకాభిషేకం చేశాడు. ఆ శాసనం అక్కడే ఉంది. ఉదయగిరి బాలకృష్ణుని విగ్రహాన్ని తీసుకొనిపోయి, హంపీలో కృష్ణాలయం కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. భిన్నమైన ఆ విగ్రహం తరువాత మదరాసు మ్యూజియం చేరింది. మూడు గంటల సినిమాలో ఇదంతా ఎలా ఇముడుతుంది?

మనబోటివారు గర్వపడవలసిన విషయం ఇంకొకటుంది. గెలిచిన ఉదయగిరిని రాయలు రాయసం కొండమరుసు అధికారం కింద ఉంచాడు. రాయసం అంటే మరేమీ కాదు, ఉత్తరాలు, ఉత్తర్వులు రాసే పని. అంటే మన గుమాస్తా వృత్తి నుంచే ఒకరు దుర్గాధిపతి అయ్యారన్నమాట! 1515లో గెలిచిన కొండవీడు తిమ్మరుసు ఆధీనంలోకి వచ్చింది. ఆయన మేనల్లుడు నాదెండ్ల గోపన అక్కడ పాలన చూశాడు.

ఇక తిమ్మరుసు సంగతి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పేయిస్, రాజమందిరమంతా ఈ వృద్ధుని మాట మీదనే నడిచేదనీ, గొప్ప గొప్ప దొరలు కూడా ఆయన ఎదుట రాజు ఎదుట ఉన్నట్లే మెలిగేవారనీ రాశాడు. అంతటివాడికి ఏమయింది?

న్యూనిజ్ కథనం ఇది. రాయలు తన ఆరేళ్ళ కుమారునికి పట్టం కట్టాడు. ఎనిమిది నెలలు ఉత్సవాలు జరిగాయి. ఆ ఉత్సవాల్లోనే బాలుడు జబ్బుచేసి మరణించాడు. తిమ్మరుసు కొడుకు విషం పెట్టించాడని తరువాత రాజు చెవిన పడింది. తిమ్మరుసును, కొడుకులను, తమ్ముణ్ణి చెరసాలలో వేయించాడు. ఒక కొడుకు తప్పించుకుని తిరుగుబాటు చేసి, చివరకు పట్టుబడ్డాడు. బ్రాహ్మణులను చంపరాదు గనుక కళ్ళు తీయించారు. 1524 నాటి శాసనాల్లో ఆ బాలుడు తిరుమలరాయల పేరు కనిపిస్తుంది గనుక, బిడ్డా అతని పట్టమూ కట్టుకథలు కావు. విషం మాట మాత్రం వేరు.

సినిమాలో ఈ నేరాన్ని గజపతి పక్షం వారి కుట్రగా చూపించి, తిమ్మరుసును నిర్దోషిగా నిలబెట్టారు. న్యూనిజ్ రాతలో గజపతి కుట్ర ఊసే లేదు. అలాగని న్యూనిజ్ మాటే వేదవాక్కు అనుకోనక్కరలేదు. ఆయన గుర్రాల బేరానికి వచ్చినవాడు. పదేళ్ళ తరువాత, విన్నవి రాసుకున్నవాడు. పైగా రాజు చెవికి ఆ మాట చేరిందన్నాడే గాని, చేరవేసినది ఎవరో, సాక్ష్యం ఏమిటో చెప్పలేదు.

ఆయనే రాసిన మరో ముచ్చట వినండి. రాయల అన్న వీరనరసింహరాయలు మరణశయ్య మీద ఉండి, తన ఎనిమిదేళ్ళ కొడుకు రాజు కావాలని, తమ్ముడు కృష్ణరాయల కళ్ళు తీయించమని తిమ్మరుసును ఆజ్ఞాపించాడట. తిమ్మరుసు ఒక మేక కళ్ళు తెచ్చి చూపించి, ఆ యువకుణ్ణి కాపాడి, సింహాసనం ఎక్కించాడట. ఎవరి కళ్ళు కాపాడాడో ఆయన ఆజ్ఞ వల్లే తన కళ్ళు పోగొట్టుకున్నాడు! ఏ సినిమా రచయిత ఇంతకంటె కల్పించగలడు?

నేను పనిచేసిన ఒక కార్యాలయంలో ఒక నిజాయితీపరుడైన గుమాస్తా మీద ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. సంజాయిషీ అడగకుండానే సస్పెండు చేశారు. రెండేళ్ళకు విచారణ జరిగి, తప్పేమీ లేదని తేలింది. జీతం బకాయిలు వచ్చాయిగాని, ఆ రెండేళ్ళూ ఊళ్ళో తల వంచుకుని తిరిగిన అవమానం ఏ పద్దులోనూ జమ కాలేదు. ఆయనకు కనీసం విచారణ అయినా దక్కింది. ఫైలు తిరగేసి చూసే అధికారి ఒకరు దొరికారు. తిమ్మరుసుకు అదీ లేదు. అందుకే దోషి అయినా కాకపోయినా, ఆయన కథ ప్రతి ఉద్యోగి మనసునూ తాకుతుంది.

రాయలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆముక్తమాల్యద రాసిన చేయి, రాయచూరు గెలిచిన చేయి అది. కాని ఒక్కగానొక్క కొడుకు పోయిన తండ్రి దుఃఖంలో ఉన్నప్పుడు చెవిన పడిన మాట ఎంత పదునుగా ఉంటుందో ఈ కథ చెబుతుంది. కుడిభుజం వంటి మంత్రిని పోగొట్టుకున్న రాయలు కూడా 1529లో కన్నుమూశాడు.

రామారావు గారి కుమారుడు బాలకృష్ణ రాయలుగా నటించిన 'ఆదిత్య 369'ను 1991లో తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు మన జిల్లావారే. ఇప్పుడు ఈ సినిమాలు ఇంట్లో కూర్చునే చూడవచ్చు. సోదర పెన్షనర్లకు నా మనవి: మనవళ్ళకు, మనవరాళ్ళకు ఆ సినిమా చూపించండి. సెలవుల్లో ఉదయగిరి తీసుకువెళ్ళండి. మోకాళ్ళ నొప్పులున్నవారు కొండ ఎక్కనక్కరలేదు. కింద నిలబడి ఆ బురుజులు చూపిస్తూ, ఏ నేరారోపణ విన్నా రెండోవైపు మాట కూడా అడగాలని పిల్లలకు చెబితే చాలు. స్వస్తి.