ఇటుకల వంటి మాటలు: షీకో బువార్కే ‘కొన్‌స్ట్రుసావ్’ (1971) - చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

సాంస్కృతిక చరిత్రకు పాట ఒక ఆధారం. అయితే పాటలో ఆ ఆధారం ఎక్కడ ఉంటుంది? ఇతివృత్తంలోనా, నిర్మాణంలోనా? నియంతృత్వకాలంలో పుట్టిన పాటకు ‘నిరసన గీతం’ అని పేరుపెట్టి, దాని భావాన్ని సంగ్రహించడంతో సరిపెట్టుకోవడం పరిశోధనలో తరచు కనిపించే పద్ధతి. బ్రెజిల్ వాగ్గేయకారుడు షీకో బువార్కే 1971లో వెలువరించిన ‘కొన్‌స్ట్రుసావ్’ ఆల్బం ఈ పద్ధతి పరిమితులను స్పష్టం చేస్తుంది. పోర్చుగీసు భాషలో ఈ మాటకు ‘నిర్మాణం’ అని అర్థం. ఆ పేరుగల పాట ప్రధానంగా ఈ ఆల్బమును పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. చారిత్రక నేపథ్యం

1964లో బ్రెజిల్‌లో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకుంది. 1968 డిసెంబరు 13న వెలువడిన ఐదవ సంస్థాగత శాసనంతో పౌరహక్కులు మరింత కుంచించుకుపోయాయి. సుప్రసిద్ధ చరిత్రకారుడు సెర్జియో బువార్కే ద ఒలాందా కుమారుడైన షీకో 1969 ఆరంభంలో ఇటలీకి వెళ్లి, 1970 మార్చిలో తిరిగివచ్చాడు. అదే సంవత్సరం వచ్చిన ‘అపెజార్ ద వొసే’ పాట పైకి ప్రేమికుల తగవులా కనిపించి సెన్సారును దాటింది. అందులోని సంబోధన పాలకులకు ఉద్దేశించినదని గ్రహించాక ప్రభుత్వం దానిని నిషేధించింది.

ఇవే సంవత్సరాలను పాలకులు ‘బ్రెజిల్ అద్భుతం’గా కీర్తించారు. 1968-73 మధ్య ఆర్థిక వ్యవస్థ ఏటా సగటున 10 శాతానికి పైగా వృద్ధి చెందింది. ట్రాన్స్-అమెజాన్ రహదారి, రియో-నితెరోయ్ వంతెన, మహానగరాలలో లేచిన ఆకాశహర్మ్యాలు ఆ వృద్ధికి చిహ్నాలయ్యాయి. ఈశాన్య ప్రాంతపు కరవు పల్లెలను విడిచి వచ్చిన వలస కూలీలు ఈ నిర్మాణాల భారాన్ని మోశారు. ఆదాయాల అంతరం మాత్రం 1960 నాటికంటే 1970 నాటికి పెరిగింది.

3. పాట నిర్మాణం

కథ చిన్నది. ఒక భవన కార్మికుడు భార్యాబిడ్డలను ముద్దాడి పనికి వెళతాడు, గోడ కడతాడు, తింటాడు, తాగుతాడు, పైనుంచి పడి నడివీధిలో చనిపోతాడు. ఈ కథను పాట మూడుసార్లు చెబుతుంది. మూడు భాగాలలో వరుసగా 17, 17, 7 చొప్పున మొత్తం 41 పాదాలున్నాయి.

తెలుగు ఛందస్సుకు గురులఘువులు ఆధారమైతే పోర్చుగీసు ఛందస్సుకు అక్షరసంఖ్య, ఊనిక ఆధారం. ఇందులో ప్రతి పాదం 12 అక్షరాలది. ప్రతి పాదాంతపదానికీ చివరినుంచి మూడవ అక్షరంపై ఊనిక పడుతుంది. పోర్చుగీసులో ఇటువంటి పదాలు తక్కువ. చివరి ఊనిక తర్వాతి అక్షరాలు లెక్కకు రావు కనుక, ప్రతి పాదమూ లెక్క ముగిశాక మరి రెండు అక్షరాల మేర జారుతుంది. కార్మికుడు పడిపోకముందే పాదాలన్నీ పడిపోతూ ఉంటాయి.

రెండవ భాగంలో పాదాంతపదాలు స్థానాలు మార్చుకుంటాయి. మొదట కొడుకుకు అన్వయించిన ‘ఏకైక’ అన్న మాట తర్వాత భార్యకు చేరుతుంది. అతని మృతదేహం మొదట రాకపోకలకు, తర్వాత జనానికి, చివరకు శనివారానికి అడ్డుగా మిగులుతుంది. ఏ మాటనైనా తీసి మరోచోట పెట్టవచ్చు, పాట నిలుస్తుంది. ఏ కూలీనైనా తీసి మరొకరిని పెట్టవచ్చు, భవనం లేస్తుంది. శ్రమజీవిని మార్చదగిన వస్తువుగా చూసిన వ్యవస్థను ఈ పాట వర్ణించదు. తన నిర్మాణంలోనే అనుకరిస్తుంది.

రొజేరియో దుప్రాట్ వాద్యరచన దీనికి తోడ్పడింది. గిటారుతో మొదలైన పాటలోకి క్రమంగా ఇత్తడి వాద్యాలు, బృందగానం ప్రవేశించి నగరపు రొదగా మారతాయి.

4. ఆల్బములో పాట స్థానం

పది పాటల ఈ ఆల్బములో మొదటిదైన ‘దేవుస్ లి పాగి’ అంటే ‘దేవుడు నీకు ప్రతిఫలమిచ్చుగాక’. దయతో ఇచ్చినవారికి పేదలు చెప్పే కృతజ్ఞతావచనమిది. తినడానికి తిండి, పడుకోవడానికి నేల ఇచ్చినందుకు చెప్పే ధన్యవాదం ఇక్కడ వ్యంగ్యంగా ధ్వనిస్తుంది. కార్మికుని మరణం తర్వాత, ‘కొన్‌స్ట్రుసావ్’ చివరలో, ఈ పాట మళ్లీ వినిపిస్తుంది. ‘కొతిజియానో’ రోజూ ఒకేలా సాగే దాంపత్యాన్ని చిత్రిస్తుంది. ప్రవాసాన్ని గురించిన ‘సాంబా ద ఓర్లీ’లోని కొన్ని మాటలను సెన్సారు మార్పించింది.

5. చర్చ

ఈ పాట తనకు ఒక రూపప్రయోగమనీ, ఇటుకలతో ఆడిన ఆట వంటిదనీ షీకో తర్వాతి కాలంలో ఒక సంభాషణలో చెప్పాడు. కార్మికుల సమస్య కిటికీ తెరిస్తే ఎవరికైనా కనిపించేదేనని కూడా అన్నాడు. ఈ మాటలను బట్టి పాటను చరిత్రనుంచి వేరుచేయడం తొందరపాటవుతుంది. కిటికీ బయటి దృశ్యం అందరికీ తెలిసినదే అయినప్పుడు, దానిని మళ్లీ చెప్పడంకంటే చెప్పే తీరే కవి చేయగల పని.

6. ముగింపు

పాటలోని మాటలను సెన్సారు మార్పించగలదని ‘సాంబా ద ఓర్లీ’ చూపుతుంది. మాటల అమరికే అర్థమైనప్పుడు కొట్టివేయడానికి ఒక పంక్తి అంటూ దొరకదని ‘కొన్‌స్ట్రుసావ్’ చూపుతుంది. కనుక నియంతృత్వకాలపు పాటలను పరిశీలించేవారు ఇతివృత్తంతో ఆగక ఛందస్సును, పదాల అమరికను, వాద్యరచనను కూడా చారిత్రక సాక్ష్యాలుగా స్వీకరించాలి. భావసంగ్రహంలో ఒక కూలీ మరణం మాత్రమే మిగులుతుంది. ఆ మరణాన్ని అడ్డంకిగా మాత్రమే చూసిన కాలం, పాట కట్టుబడిలో నిక్షిప్తమై ఉంది.