బంబాయి రేవు నుంచి గన్నవరం దాకా

హజ్ దరఖాస్తుల సీజన్ వస్తే మా ఇంట్లో ఒకటే బహస్: హైదరాబాదు పెట్టాలా, విజయవాడ పెట్టాలా? ఈ సవాల్ వెనక మన పశ్చిమ ప్రకాశం హాజీల పెద్ద తారీఖే ఉంది.

మా దాదా ఓడలో వెళ్లారు. మార్కాపురం రోడ్డు స్టేషన్లో మీటర్‌గేజ్ బండెక్కి, గిద్దలూరు దాటి, నల్లమల సొరంగం గుండా నంద్యాల, డోన్ మీదుగా గుంతకల్లు. అక్కడ బండి మారి బంబాయి. సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో ఓడ కోసం ఇంతెజార్. ఆపైన మొఘల్ లైన్ జహాజులో జిద్దా దాకా వారానికి పైగా సముద్రం. యలమ్‌లమ్ దగ్గర పడుతోందని ఓడలో ఎలాన్ చేస్తే అందరూ ఇహ్రామ్ కట్టుకునేవారట. స్టేషన్‌కు మొహల్లా అంతా కదిలి వెళ్లింది. దాదా ఒక్కొక్కరి చేతులు పట్టుకుని "కహా సునా మాఫ్ కర్నా" అన్నారట. తిరిగొస్తామన్న భరోసా లేని సఫర్ అది.

1995తో ఓడ సఫర్ ముగిసింది. ఆ తర్వాత మనకు హైదరాబాదే దిక్కు. మొదట బేగంపేట, 2008 మార్చి 23 నుంచి శంషాబాద్. విమానంలో కొన్ని గంటలే, కానీ విమానం దాకా చేరడమే మనకు కష్టం. దోర్నాల మీదుగా పోదామంటే రాత్రి 9 దాటితే అడవిలో గేట్లు మూసేస్తారు, ఉదయం 6 దాకా తెరవరు. హాజీతో ఒకరిద్దరే వెళ్లగలిగారు. ముసలి దాదీమాలకు విదా ఇంటి గుమ్మం దగ్గరే అయిపోయింది.

అట్లాంటి సమయంలో గన్నవరం ముందుకొచ్చింది. రెండో ప్రపంచయుద్ధం నాటి మైదానం అది. 2003లో ఎయిర్ డెక్కన్ అక్కడి నుంచి హైదరాబాదుకు రోజూ విమానం నడిపింది. 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. అంటే ఇమిగ్రేషన్, కస్టమ్స్ అక్కడే. 2018 డిసెంబరులో ఇండిగో సింగపూర్ విమానం మొదలుపెట్టింది, నష్టం వస్తే ప్రభుత్వం భరించే ఒప్పందంతో. ఆ మద్దతు ఆగాక 2019లో అదీ ఆగింది. 2021లో రన్‌వే 3,360 మీటర్లకు పెరిగింది, పెద్ద విమానాలకు దారి దొరికింది. 2022 అక్టోబరు 31న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ షార్జాకు ఎగిరింది. 2023 జూన్‌లో హాజీలు తొలిసారి ఇక్కడి నుంచే జిద్దాకు బయలుదేరారు. అల్‌హమ్దులిల్లాహ్!

హాజీకి కావలసిన సౌకర్యం అద్దాల గోడలు కాదు. వుజూకు నీళ్లు, నమాజుకు చోటు, ఇహ్రామ్ కట్టుకునే వీలు, కుర్చీ బండి తోసే చెయ్యి, తిరిగొచ్చాక జమ్‌జమ్ డబ్బా అందించే కౌంటర్. విమానం మీఖాత్‌ను గాల్లోనే దాటుతుంది, చాలామంది ఇహ్రామ్ ముందే కట్టుకోవాలి. ఓడలో ఎలాన్ చేసిన పని ఇప్పుడు విమానాశ్రయంలో జరగాలి.

ఇక ఖర్చు సంగతి. 2023లో విజయవాడ నుంచి వెళ్లేవారికి హైదరాబాదు కన్నా మనిషికి దాదాపు 80 వేల రూపాయలు ఎక్కువ పడింది. కేంద్రం హజ్ సబ్సిడీని 2018లోనే ఎత్తేసింది. ఆ ఏడాది ఆ తేడాను రాష్ట్ర ప్రభుత్వం భరించింది. హాజీలు తక్కువైతే టికెట్ పెరుగుతుంది, టికెట్ పెరిగితే హాజీలు ఇంకా తగ్గుతారు. సింగపూర్ విమానం చెప్పిన సబఖ్ ఇదే: హోదా కాగితం మీద ఉంటుంది, సర్వీసు సీట్ల మీద నడుస్తుంది.

మన దొనకొండలో బ్రిటిష్ కాలపు రన్‌వే ఉంది, విమానం లేదు. గిద్దలూరు వాళ్లకు నంద్యాల అవతల ఓర్వకల్లు విమానాశ్రయం 2021లో తెరుచుకుంది, కానీ అక్కడి నుంచి పరదేశం పోలేం. అందుకే గన్నవరం మనకు ముఖ్యం. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరతాం, దాదీమాను కూడా వెంట తీసుకుపోవచ్చు.

గరీబు హాజీని ఖర్చు ఎక్కువైనా అక్కడి నుంచే వెళ్లమనే హఖ్ నాకు లేదు. కానీ ఛార్జీ సమానం చేయమని అందరం కలిసి అడిగే హఖ్ ఉంది. మన బుజుర్గులు పిల్లల మధ్య నిలబడి "కహా సునా మాఫ్" అనే రోజు మళ్లీ రావాలి. అల్లాహ్ అందరికీ ఆ సఫర్ నసీబు చేయుగాక. ఆమీన్.