క్లే షూటింగ్‌కు వానాకాలం సెలవు: తుపాకీ దించాక ఏం చేయాలి?

జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాయంటే చాలు, హైదరాబాద్‌లో సరదాకు క్లే షూటింగ్ చేసేవాళ్లకు ఒక ప్రశ్న మొదలవుతుంది. ఈ సీజన్‌లో రేంజ్‌కు వెళ్లాలా, కొన్నాళ్లు మానేయాలా? మానేస్తే గురి పోతుందేమోనని భయం. వెళ్తే బురద, మబ్బు, తడి. చాలామంది ఏదీ తేల్చుకోరు. సగం మనసుతో అప్పుడప్పుడు వెళ్తారు, స్కోరు పడిపోయిందని ఇంటికొచ్చి దిగాలుగా కూర్చుంటారు.

నిజానికి విరామం కూడా ఈ ఆటలో భాగమే. కాకపోతే అది మొదలు, ముగింపు తేదీలు రాసుకున్న విరామం అయ్యుండాలి. ఆ రోజుల్లో భుజం, చెవులు, కళ్లు ఏం కోరుకుంటున్నాయో చూసుకోవాలి. అన్నింటికంటే ముఖ్యం, ఇంట్లో ఉన్న తుపాకీ సంగతి. ఆడే రోజుల్లో దాని మీద మన కన్ను ఉంటుంది. ఆడని రోజుల్లోనే అది మరుపున పడుతుంది.

అసలు క్లే షూటింగ్ అంటే?

గాలిలోకి ఎగిరే చిన్న పళ్లెం లాంటి బిళ్లను షాట్‌గన్‌తో పగలగొట్టే ఆట ఇది. పేరులో క్లే ఉంది కానీ ఇప్పటి బిళ్లలు మట్టివి కావు. సున్నపురాయి పొడిని తారు లాంటి పదార్థంతో కలిపి అచ్చు పోస్తారు. అంతర్జాతీయ పోటీల్లో వాడే బిళ్ల వెడల్పు 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. ఒకప్పుడు బతికున్న పావురాలనే వదిలి కాల్చేవారు. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో కూడా అలాంటి పోటీ జరిగింది. ఆ పావురాల స్థానంలోకి గాజు బంతులు, మట్టి బిళ్లలు వచ్చాయి.

ఒలింపిక్స్‌లో ఇప్పుడు ఆడేవి రెండు రకాలు. ట్రాప్‌లో బిళ్ల షూటర్ ముందు నుంచి లేచి దూరంగా పోతుంది. ఎటు పోతుందో ముందుగా తెలియదు. స్కీట్‌లో ఎత్తుగా ఒకటి, కిందుగా ఒకటి, రెండు గూళ్ల నుంచి బిళ్లలు అడ్డంగా ఎగురుతాయి. షూటర్ 8 చోట్ల నిలబడి కాల్చాలి. ట్రాప్‌లో తుపాకీ ముందే భుజం మీద ఉంటుంది. అంతర్జాతీయ స్కీట్‌లో బిళ్ల కనబడేదాకా నడుము దగ్గరే ఉంచాలి. రెండింటిలోనూ ఒక రౌండ్‌కు 25 బిళ్లలు. పెద్ద పోటీల క్వాలిఫయింగ్‌లో 5 రౌండ్లు, అంటే 125 బిళ్లలు.

మన దగ్గర ఈ ఆట కొత్తేమీ కాదు. హైదరాబాద్‌కు చెందిన కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ ఆడారు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో వ్యక్తిగత కాంస్యం, జట్టుతో కలిసి స్వర్ణం తెచ్చారు.

తొందరేం లేదు, ఇది ఎక్కువ కాలం ఆడే ఆట

రెండు నెలలు ఆపితే వెనకబడిపోతామని కంగారుపడేవాళ్లు ఇద్దరు షూటర్ల సంగతి చూడాలి. ఉత్తరప్రదేశ్‌లోని ఖుర్జాకు చెందిన మైరాజ్ అహ్మద్ ఖాన్ 2022లో కొరియాలోని చాంగ్‌వాన్‌లో ప్రపంచకప్ స్కీట్ స్వర్ణం గెలిచారు. పురుషుల స్కీట్‌లో మన దేశానికి అదే మొదటి ప్రపంచకప్ స్వర్ణం. అప్పటికి ఆయన వయసు 46. కువైట్ షూటర్ అబ్దుల్లా అల్ రషీదీ 2016 ఒలింపిక్స్‌లో 52 ఏళ్ల వయసులో కాంస్యం గెలిచారు. టోక్యోలో 57 ఏళ్ల వయసులో మళ్లీ కాంస్యం గెలిచారు.

అంటే ఈ ఆటలో వయసు పెద్ద అడ్డంకి కాదు. ముప్పై, నలభై ఏళ్లు ఆడవచ్చు. అంత పొడవైన లెక్కలో రెండు నెలలు ఎంత? కానీ అన్నేళ్లు ఆడాలంటే భుజం, చెవులు, కళ్లు కూడా అన్నేళ్లు పనిచేయాలి కదా. అసలు పొదుపు చేసుకోవాల్సింది వాటినే.

ఒంటి మీద పడే భారం ఎంత?

చిన్న లెక్క వేద్దాం. వారానికి 100 తూటాలు కాల్చే మనిషి ఉన్నాడనుకోండి. ఏడాదిలో 44 వారాలు ఆడితే 4,400 తూటాలు. మూడున్నర కిలోలు దాటే తుపాకీని 4,400 సార్లు ఎత్తాలి, 4,400 సార్లు అది వెనక్కి తన్నే దెబ్బ భుజం మీద, చెంప మీద పడుతుంది. ఒక్కో దెబ్బ చిన్నదే. కానీ కండరానికి కోలుకునే సమయం ఇవ్వకపోతే చిన్న నొప్పి మొండిదవుతుంది.

భుజం కంటే ముందు అలిసిపోయేది మనసు. ట్రిగ్గర్ నొక్కబోయే క్షణంలో కళ్లు వాటంతట అవే మూతపడటం, చెయ్యి అదరడం, ఒక్కోసారి వేలు అసలు కదలకపోవడం షూటర్లకు బాగా తెలిసిన బాధ. దీన్ని ఫ్లించ్ అంటారు. పేలుడు శబ్దం, తన్ను రాబోతున్నాయని శరీరం ముందే ఉలిక్కిపడుతుంది. ఇలా అయినప్పుడు చాలామంది ప్రాక్టీస్ సరిపోలేదనుకుని ఇంకో వంద తూటాలు కాలుస్తారు. దాంతో ఆ ఉలికిపాటే అలవాటుగా ముదురుతుంది. కొన్ని వారాలు ఆపి, తర్వాత తక్కువ తన్నే తేలిక తూటాలతో మొదలుపెట్టడం మేలు.

చెవుల సంగతి వేరు. షాట్‌గన్ పేలిన శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది. దానివల్ల దెబ్బతిన్న వినికిడి విశ్రాంతితో తిరిగి రాదు. రేంజ్ నుంచి వచ్చాక చెవుల్లో గుయ్‌మని మోత ఉంటోందంటే రక్షణ సరిపోవడం లేదని అర్థం. సెలవులో చేయాల్సిన మొదటి పని చెవి పరీక్ష. రెండోది, మంచి ఇయర్ మఫ్‌లు కొనడం. లోపల ప్లగ్‌లు, పైన మఫ్‌లు కలిపి వాడితే ఇంకా మంచిది.

సీసం సంగతీ ఉంది. అంతర్జాతీయ పోటీల తూటాలో 24 గ్రాముల వరకు గుళ్లు ఉంటాయి, అవి ఎక్కువగా సీసంవే. కాల్చినప్పుడు వచ్చే పొగ, దుమ్ము చేతులకు, బట్టలకు అంటుతాయి. కాల్పులు ఆగితే రక్తంలోని సీసం మెల్లగా తగ్గుతుంది, ఎముకల్లో చేరింది మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది. చిన్నపిల్లలకు, గర్భిణులకు ఇది మరింత హాని. అందుకే సెలవు మొదలైన రోజే షూటింగ్ జాకెట్‌ను, బ్యాగ్‌ను శుభ్రం చేయాలి. ఆ బట్టలను ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతకొద్దు.

ఎప్పుడు ఆపాలి, ఎన్నాళ్లు?

దీనికి ఒకే నియమం లేదు. చలి దేశాల్లో చాలామంది మంచు కురిసే నెలల్లో ఆపేస్తారు. మనకు అనువైనది వానాకాలం. మబ్బు పట్టిన ఆకాశం మీద బిళ్ల సరిగా కనబడదు, కళ్లద్దాల మీద చినుకులు పడతాయి, నేల జారుతుంది, తుపాకీ తుప్పు పడుతుంది. మండే ఎండల్లో మే నెల ఆపేవాళ్లూ ఉన్నారు. సరదాకు ఆడేవాళ్లకు నాలుగు నుంచి ఎనిమిది వారాలు సరిపోతుంది.

ఎనిమిది వారాలు ఆపితే పై లెక్కన 800 తూటాల డబ్బు మిగులుతుంది. ఆ డబ్బును మూడు పనులకు పెట్టండి: కంటి, చెవి పరీక్షలు, తుపాకీ సర్వీసింగ్, మంచి చెవి రక్షణ.

తిరిగి వచ్చే తేదీని క్యాలెండర్‌లో రాసుకోవడం మరవొద్దు. తేదీ లేని సెలవు నెమ్మదిగా మానేయడంగా మారుతుంది.

ఇంట్లో తుపాకీ: అసలు జాగ్రత్త ఇక్కడే

ముందుగా శుభ్రత. బ్యారెళ్ల లోపల మసి, సీసం పోయేలా బ్రష్ చేసి, పొడి గుడ్డతో తుడిచి, పల్చగా నూనె పూయాలి. చోక్‌లు విప్పి, మరలు తుడిచి, కొద్దిగా గ్రీజు రాసి మళ్లీ బిగించాలి. లేదంటే తుప్పు పట్టి కదలవు. నూనె ఎక్కువైతే అది జారి వెనకున్న చెక్క కుందాలోకి దిగి చెక్కను మెత్తబరుస్తుంది. అందుకే చాలామంది గొట్టం కిందికి ఉండేలా నిలబెడతారు. గుడ్డ సంచిలో, తోలు కవర్‌లో నెలల తరబడి ఉంచొద్దు. అవి తేమను పట్టి ఉంచుతాయి. తాళం ఉన్న ఇనుప బీరువాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. పదిహేను రోజులకోసారి తీసి చూడండి.

తూటాలు వేరే చోట, వేరే తాళంలో ఉండాలి. రెండు తాళాలూ లైసెన్సు ఉన్న మనిషి దగ్గరే ఉండాలి. బీరువా మీద, పరుపు కింద, బట్టల మధ్య దాచడం దాచడమే కాదు. పెద్దవాళ్లు దాచిన చోటు పిల్లలకు ముందే తెలిసి ఉంటుంది.

ఇక చట్టం సంగతి. లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో తుపాకీ వాళ్ల దగ్గరే ఉండాలి. సెలవే కదా అని బావమరిదికి, స్నేహితుడికి ఇచ్చి ఉంచడం నేరం అవుతుంది. లైసెన్సుదారు ఉద్యోగానికి గల్ఫ్‌కు వెళ్తూ తుపాకీని ఇంట్లో వదిలి వెళ్లడం కూడా చిక్కే. లైసెన్సు లేని భార్యాపిల్లల మీదికి ఆ బాధ్యత వచ్చిపడుతుంది. ఎక్కువ రోజులు ఊళ్లో లేకపోతే లైసెన్సు ఉన్న ఆయుధ డీలర్ దగ్గర గానీ పోలీసుల దగ్గర గానీ జమచేసి రసీదు తీసుకోవాలి.

2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు ఐదేళ్లు అయింది. మీది ఎప్పుడు ముగుస్తుందో ఈ సెలవులోనే చూసుకోండి. అదే సవరణలో పెళ్లిళ్లు, ఊరేగింపుల్లో ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేలా సరదాగా గాల్లోకి కాల్చడం కూడా నేరమైంది. రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బారాత్‌లో ఎవరో అడిగారని బీరువా తాళం తీసే ముందు ఈ మాట గుర్తుండాలి.

సెలవులో చేయదగ్గ పనులు

మొదటి రెండు మూడు వారాలు తుపాకీని పూర్తిగా పక్కన పెట్టండి. రోజూ అరగంట నడవండి. భుజాలు, మెడ, నడుము సాగే తేలిక వ్యాయామాలు చేయండి. నడుము సరిగా తిరగకపోతే స్కీట్‌లో బిళ్ల వెంట తుపాకీ సాఫీగా తిరగదు.

కంటి డాక్టర్‌కు దూరం చూపు పరీక్ష కోసం వచ్చామని, షూటింగ్ చేస్తామని చెప్పండి. అలాగే మీ బలమైన కన్ను ఏదో తెలుసుకోండి. రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న గోడగడియారాన్ని వేలితో చూపించండి. తర్వాత ఒక్కో కన్ను మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వేలు గడియారం మీదే నిలిచిందో అదే బలమైన కన్ను. కుడిచేత్తో కాల్చేవాళ్లకు ఎడమ కన్ను బలమైతే, తప్పుతున్న గురికి కారణం అదే కావచ్చు.

తర్వాతి వారాల్లో, కావాలంటే అద్దం ముందు తుపాకీ ఎత్తే సాధన రోజుకు పది నిమిషాలు చేయవచ్చు. తుపాకీ ఖాళీగా ఉందని తెరిచి రెండుసార్లు చూడాలి. ఆ గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. తలుపు వేసి ఉండాలి. ఈ మూడూ కుదరకపోతే ఆ సాధన వద్దు. కర్రతో చేసినా చాలు.

తిరిగి వచ్చిన రోజు

మొదటి రోజు 25 బిళ్లలు, అంతే. స్కోరు రాయొద్దు. తేలికైన బిళ్లలతో మొదలుపెట్టి, కళ్లు తెరిచి ఉంటున్నాయా, భుజం నొప్పి లేదా అన్నది మాత్రమే గమనించండి. రెండో వారం 50, మూడో వారం 75, ఆ తర్వాతే పాత లెక్క. మొదట్లో కొన్ని బిళ్లలు తప్పిపోవడం మామూలే. కొద్ది రోజుల్లో చెయ్యి మళ్లీ దారిలో పడుతుంది.

భుజం నొప్పి విశ్రాంతి తర్వాత కూడా ఉంటే, చెవిలో మోత ఆగకపోతే రేంజ్‌కు కాదు, డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. తేదీ వచ్చినా వెళ్లాలని అసలు అనిపించకపోతే, అది కూడా ఒక జవాబే. అప్పుడు తుపాకీని బీరువాలో మూలన పడేయకుండా, లైసెన్సు అధికారికి తెలియజేసి చట్టప్రకారం అమ్మేయడమో జమచేయడమో చేయాలి. వాడని తుపాకీ ఇంట్లో ఉండాల్సిన అవసరం లేదు.

వెళ్లాలనిపిస్తే మాత్రం మంచిదే. వానలు తగ్గాక మబ్బుల్లేని ఆకాశంలో బిళ్ల స్పష్టంగా కనబడుతుంది, విశ్రాంతి తీసుకున్న కన్ను దాన్ని తొందరగా పట్టుకుంటుంది.